సెలైన్‌కి చెయ్యి చాపే మామగారు ఇన్సులిన్ వద్దంటున్నారు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరు. మా మామగారికి 66 ఏళ్ళు, షుగర్ వచ్చి పన్నెండేళ్ళయింది. మూడు రకాల బిళ్ళలు వాడుతున్నా మూడు నెలల సరాసరి షుగర్ పరీక్ష (హెచ్‌బీఏ1సీ)లో 10.4 వచ్చింది. టౌన్‌లో డాక్టర్ గారు రాత్రిపూట ఒక్క ఇన్సులిన్ సూది రాశారు. ఆయన ససేమిరా అంటున్నారు. ‘బిళ్ళలు ఎన్నయినా మింగుతా, ఆ సూది మాత్రం నా ఒంటికి తగలనివ్వను’ అని. పోనీ సూదంటే భయమా అంటే అదీ కాదు. నెలకోసారి ఊళ్ళో ఆర్‌ఎంపీ గారిని పిలిపించుకుని బలానికి సెలైన్ ఎక్కించుకుంటారు, మోకాళ్ళ నొప్పులకు సూదులు వేయించుకుంటారు. అప్పుడు హాయిగా చెయ్యి చాపి పడుకుంటారు. మా వారేమో పీల్చే ఇన్సులిన్ వచ్చిందట, ఖర్చయినా సరే అది తెప్పిద్దాం అంటున్నారు. మా అత్తగారిది ఇంకో కథ. ఆవిడకు ఉబ్బసం. ఇన్‌హేలర్ రాసిస్తే బీరువాలో చీరల కింద దాచేసి, పాత చీటీ చూపించి బిళ్ళలు తెచ్చుకుని మింగుతారు. హైదరాబాద్ వెళ్ళి చేప మందు కూడా వేయించుకొచ్చారు. ఇద్దరికీ నచ్చజెప్పలేక నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు? – ఒక కోడలు

సమాధానం: అమ్మా, అసలు సంగతి మీ ఉత్తరంలో మీరే రాసేశారు. మామగారికి సూదంటే భయం లేదు. సెలైన్ సూది ఇన్సులిన్ సూది కంటే బాగా లావు. నరంలోకి దిగుతుంది, గంటసేపు అక్కడే ఉంటుంది. దానికి చెయ్యి చాపే మనిషి 4 మిల్లీమీటర్ల ఇన్సులిన్ పెన్ను సూదికి జడుస్తున్నారంటే, ఆయన జడిసేది సూదికి కాదు. కాబట్టి ‘చీమ కుట్టినట్టు ఉంటుంది మామయ్యా, ఏం కాదు’ అని రోజూ బతిమాలడం మానేయండి. ఆయన అడగని ప్రశ్నకు జవాబు అది.

మందు ఏ దారిన ఒంట్లోకి వెళ్ళాలన్న విషయంలో ప్రతి మనిషికీ ఒక ఇష్టం ఉంటుంది. దాన్ని మూర్ఖత్వం కింద కొట్టిపారేయడం తేలిక. కానీ అడిగి చూస్తే దాని వెనక ఏదో ఒక లెక్క ఉంటుంది. రొమ్ము క్యాన్సర్‌కి వాడే ట్రాస్టుజుమాబ్ అనే మందును ఒకే మనిషికి కొన్నిసార్లు నరం ద్వారా, కొన్నిసార్లు తొడ చర్మం కింద ఇచ్చి, మీకు ఏది కావాలని అడిగిన అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది చర్మం కిందే అన్నారు. రెండూ సూదులే. తేడా ఏమిటంటే చర్మం కింద ఇచ్చేది ఐదు నిమిషాల్లో అయిపోతుంది, నరంలోకి ఎక్కించేదానికి ఆసుపత్రిలో పూటంతా పోతుంది. వాళ్ళు ఎంచుకున్నది సూదిని కాదు, తమ పూటను. మీ మామగారి ఇష్టం వెనక ఏముందో కూడా ఇలాగే తవ్వాలి.

ముందు సెలైన్ సంగతి చూద్దాం. అర లీటరు మామూలు సెలైన్ సీసాలో ఉండేది నీళ్ళు, 4.5 గ్రాముల ఉప్పు. అంతే. రోజు మొత్తం మీద మనిషి తినే ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. దాదాపు ఆ కోటా అంతా ఒక్క సీసాతో రక్తంలోకి పోయింది. అదే గ్లూకోజ్ సీసా అయితే అర లీటరులో 25 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. దాంతో వచ్చే శక్తి రెండు ఇడ్లీల పాటిది. కాకపోతే అది అరిగే పని లేకుండా నేరుగా రక్తంలో కలుస్తుంది, అదీ 10.4 ఉన్న షుగర్ పేషెంటుకు! ఉప్పూ గ్లూకోజూ రెండూ కలిసిన డీఎన్‌ఎస్ సీసా కూడా ఉంది, అదీ బాగానే వాడతారు. దాంట్లోకి ఒక మల్టీవిటమిన్ ఇంజెక్షన్ ఎక్కించగానే సీసా మొత్తం పసుపు పచ్చగా తిరుగుతుంది. ఆ రంగు చూసి ‘బలం మందు కలిపారు’ అని ఇంటిల్లిపాదీ తృప్తి పడతారు. ఆ పసుపులో చాలా భాగం మర్నాటికల్లా మూత్రంలో పోతుంది.

మరి సెలైన్ ఎక్కాక ఒళ్ళు తేలికపడిందని ఆయన చెప్పేది అబద్ధమా? కాదు. ఇక్కడే చాలామంది ఇంట్లోవాళ్ళు, మాలాంటి డాక్టర్లు కూడా, పెద్దాయన్ని అనవసరంగా కించపరుస్తారు. షుగర్ అంత ఎక్కువ ఉన్నప్పుడు కిడ్నీలు దాన్ని మూత్రంలో పారబోస్తాయి, దాంతోపాటు నీళ్ళూ పోతాయి. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో ఒకసారి అడగండి. నోరు ఎండిపోవడం, పిక్కలు పట్టేయడం, పొద్దున లేవగానే కాళ్ళు ఈడ్చుకుంటూ నడవడం, అంతా ఆ నీళ్ళ లోటే. అలాంటి ఒంట్లోకి అర లీటరు నీరు వెళ్తే ఒక రోజు, మహా అయితే రెండు రోజులు నిజంగానే బాగుంటుంది. అంటే ఆయన నీరసానికి కారణమూ, సెలైన్‌తో వచ్చే హాయికి కారణమూ ఒకటే: అదుపు తప్పిన షుగర్. షుగర్ దిగితే ఆ నీరసమే ఉండదు. ఆయన వెతుకుతున్న బలం మందు ఆయన వద్దంటున్న సూదిలోనే ఉంది. ఈ మాట ఆయనకు చెప్పాల్సిన పద్ధతిలో చెబితే చాలావరకు పని జరుగుతుంది.

ఇంకో సంగతి గమనించండి. సెలైన్ పెట్టిన గంటసేపు ఇంట్లో ఏం జరుగుతుంది? గోడ మేకుకు సీసా వేలాడుతుంది. మంచం పక్కన అత్తగారు కూర్చుంటారు. కొడుకు పొలం నుంచి ఫోన్ చేసి ‘ఎట్లా ఉంది నాన్నా’ అంటాడు. మనవలు చుక్కలు లెక్కపెడతారు. పక్కింటివాళ్ళు వచ్చి పలకరించి, కొబ్బరి బోండం ఇచ్చిపోతారు. మాత్ర మింగిన మనిషిని ఎవరు పలకరిస్తారు? మీ ఇంట్లో అచ్చంగా ఇలాగే జరుగుతుందని నేను అనడం లేదు గానీ, పెద్దగా తేడా ఉండదని నా అనుమానం. పైగా సూదికి మనసు మీద పట్టు ఎక్కువ. తలనొప్పి మందుల మీద జరిగిన పరీక్షలను పోల్చి చూసినప్పుడు, మందు లేని ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళ కంటే మందు లేని ఉత్తుత్తి సూది వేయించుకున్నవాళ్ళలో ఎక్కువమంది తగ్గిందని చెప్పారు. ‘ఆయన హస్తవాసి మంచిది’ అని ఊళ్ళో అనేది వట్టి గాలి మాట కాదన్నమాట.

అలాగని నోటి దారి తక్కువదేం కాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థి శిబిరాల్లో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు చాలలేదు. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజ్ కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతే తాగించారు. మరణాలు బాగా తగ్గాయి. ఇవాళ మన ఇళ్ళల్లో ఉండే ఓఆర్‌ఎస్ పొట్లం వెనక ఉన్న కథ అది. కలరా లాంటి జబ్బులోనే, తాగగలిగిన మనిషికి నోటితో సరిపోయినప్పుడు, మంచినీళ్ళు తాగి మజ్జిగన్నం తినగలిగిన మనిషికి నరం ఎందుకు? వాంతులు ఆగకుండా నీళ్ళు కూడా నిలవకపోతే, మనిషి మత్తుగా పడిపోతే, ఊపిరి వేగంగా లోతుగా తీస్తుంటే అప్పుడు సెలైన్ కావాలి. అదీ ఇంట్లో మంచం మీద కాదు, షుగర్, కిడ్నీ పరీక్షలు చేయగలిగే ఆసుపత్రిలో.

మోకాళ్ళ నొప్పుల సూది విషయంలో మాత్రం నేను మెతగ్గా మాట్లాడను. ఈసారి వేయించుకున్నప్పుడు ఖాళీ యాంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు గొట్టం) మీద పేరు ఫోన్‌తో ఫొటో తీయండి. చాలా చోట్ల వేసేది డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు. పన్నెండేళ్ళ షుగర్‌తో అలసిన కిడ్నీలకు అది మంచిది కాదు. దానితో కలిపి డెక్సామెథసోన్ వేసే అలవాటు కూడా ఉంది. అది స్టెరాయిడ్. వేసిన రోజు నొప్పులు మాయమై, ఆకలి పుట్టి, ఒళ్ళు హుషారుగా ఉంటుంది. ఆ తర్వాత కొన్ని రోజులపాటు షుగర్ ఆకాశంలో ఉంటుంది. మూడు రకాల బిళ్ళలు వాడుతున్నా 10.4 ఎందుకొచ్చిందన్న దానికి కొంత జవాబు ఆ యాంప్యూల్‌లోనే ఉండొచ్చు. పిరుదు మీద సరైన చోట వేయకపోతే కాలి నరం దెబ్బతిని పాదం వాలిపోయిన కేసులు ప్రతి నరాల డాక్టరూ చూసినవే. సిరంజి కొత్తదేనా, మీ కళ్ళ ముందే ప్యాకెట్ చింపారా అన్నది కూడా చూసుకోండి. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో పదుల సంఖ్యలో జనానికి హెచ్‌ఐవీ బయటపడితే, వాడిన సిరంజీలనే మళ్ళీ వాడిన ఊరి వైద్యుడి మీదే ఆరోపణ వచ్చింది.

ఇదంతా చదివి ఆర్‌ఎంపీ గారితో గొడవ పెట్టుకోకండి. రాత్రి పదకొండుకు ఫోన్ చేస్తే బండేసుకుని వచ్చేది ఆయనే, నేను కాదు. ఆ నమ్మకాన్ని వాడుకోండి. ‘డాక్టర్ గారు ఇన్సులిన్ రాశారు, మీరు చెబితే మా మామయ్య వింటారు’ అని ఆయన్ని పక్కన కూర్చోబెట్టండి. మందు రాయడం, మార్చడం ఆయన పని కాదు. ధైర్యం చెప్పడం ఎవరైనా చేయొచ్చు.

ఇప్పుడు ఇన్సులిన్ అంటే ఆయనకు అసలు భయమేమిటో కనుక్కోవాలి. మీరు కాకుండా, ఆయన మాట్లాడే మనిషి ఎవరైనా, కూతురో, స్నేహితుడో, తీరిగ్గా ఒక సాయంత్రం అడగాలి: ‘ఇన్సులిన్ వేసుకుంటే ఏమవుతుందని నీ భయం?’ అడిగి ఊరుకోవాలి. మధ్యలో సర్దిచెప్పకూడదు. నాకు ఎక్కువగా వినిపించే జవాబులు రెండు. ఒకటి, ‘ఇన్సులిన్ దాకా వచ్చిందంటే ఇక చివరి దశే’. రెండోది, ‘ఫలానా ఆయన ఇన్సులిన్ మొదలుపెట్టిన ఆరు నెలలకే కాలు తీసేశారు’. ఈ రెండోది కల్పన కాదు, కళ్ళారా చూసిందే. కానీ అక్కడ జరిగింది తిరగేసి చూడాలి. ఆ ఫలానా ఆయన కూడా మీ మామగారిలాగే ఏళ్ళ తరబడి వద్దు వద్దంటూ వచ్చి, కాలికి పుండు పడి కుళ్ళాక ఆసుపత్రిలో చేరితే అప్పుడు ఇన్సులిన్ పెట్టి ఉంటారు. కాలు పోయింది ఆలస్యం వల్ల. నింద పడింది ఇన్సులిన్ మీద. ఆయన చెప్పే ఆ మనిషి కథ ఏమిటో వివరంగా చెప్పించండి. ఎన్నేళ్ళు షుగర్ ఉంది, పుండు ముందా సూది ముందా అని అడుగుతూ పోతే, చాలాసార్లు చెప్పేవాళ్ళకే అర్థమవుతుంది.

‘ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలదు’ అనే భయం కూడా ఉంటుంది. నిజాయితీగా చెప్పాలంటే, పన్నెండేళ్ళ షుగర్‌లో చాలామందికి అది కొనసాగుతుంది. కొందరికి షుగర్ దిగాక డోసు బాగా తగ్గుతుంది, కొద్దిమందికి ఆపగలుగుతాం కూడా. ‘నెల రోజులే మామయ్యా’ అని అబద్ధమాడి మొదలుపెట్టించకండి. రెండో నెల ఆయన మీ మాట దేనికీ నమ్మరు. దానికంటే ‘మూడు నెలలు వాడి, మళ్ళీ ఆ సరాసరి పరీక్ష చేయించుకుని, అప్పుడు డాక్టర్‌తో కూర్చుని మాట్లాడుకుందాం’ అనడం నిజం, ఒప్పుకోవడానికి తేలిక కూడా.

బిళ్ళలు ఎన్నయినా మింగుతానంటున్నారు కదా, అదొక్కటి తేల్చేద్దాం. ఇన్సులిన్ ప్రొటీన్. పప్పునూ గుడ్డునూ అరిగించినట్టే కడుపు దాన్నీ అరిగించేస్తుంది. 1922లో మొదటిసారి ఒక కుర్రాడికి సూదితో ఇచ్చినప్పటి నుంచి ఈ ఇబ్బంది అలాగే ఉంది. సెమాగ్లూటైడ్ అనే ఇంకో షుగర్ సూది మందు మాత్ర రూపంలో 2022లో మన దేశానికి వచ్చింది. పరగడుపున అర గ్లాసు నీళ్ళకు మించకుండా మింగి, అరగంట ఏమీ తినకుండా ఉండాలి. అది ఇన్సులిన్ కాదు, అందరికీ పడదు. ఆయనకు పనికొస్తుందా అని డాక్టర్‌ని అడగడంలో తప్పు లేదు గానీ, దాని మీద ఆశ పెట్టుకుని ఇన్సులిన్ వాయిదా వేయకండి.

మీ వారు అడిగిన పీల్చే ఇన్సులిన్ గురించి. ఈ కథ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సూది తీసేస్తే సమస్య తీరిపోతుందని అనుకున్నవాళ్ళు మీ వారొక్కరే కాదు. 2006లో ఫైజర్ కంపెనీ ఎక్సుబెరా అనే పీల్చే ఇన్సులిన్ అమెరికాలో తెచ్చింది. ఇక జనం ఎగబడతారనుకున్నారు. ఎవరూ రాలేదు. పీల్చే పరికరం పెద్దది, నలుగురిలో బయటికి తీయలేనిది. డోసు యూనిట్లలో కాక మిల్లీగ్రాముల్లో ఉండి లెక్క తికమక. ముందు ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకోవాలి. ధర ఎక్కువ. 2007 అక్టోబరులో కంపెనీయే దాన్ని మార్కెట్ నుంచి తీసేసింది. ఆ తర్వాత వచ్చిన చిన్న పరికరం అఫ్రెజాకు మన దేశంలో 2024 డిసెంబరులో అనుమతి వచ్చింది. కానీ అది భోజనానికి ముందు పీల్చే, త్వరగా పనిచేసి త్వరగా దిగిపోయే రకం. మామగారికి రాసింది రాత్రి వేసుకుంటే రోజంతా నిలకడగా పనిచేసేది అయి ఉంటుంది. దానికి ఇది బదులు కాదు. ఉబ్బసం ఉన్నవాళ్ళకు అసలు ఇవ్వకూడదు. కాబట్టి డబ్బు దాచుకోమనండి.

పద్ధతి మార్చలేం సరే, ఆ పద్ధతిలోపల ఆయన ఇష్టానికి వదిలేయగలిగినవి బోలెడు ఉన్నాయి. అవన్నీ ఆయన్నే ఎంచుకోనివ్వండి. పెన్నా, సీసా సిరంజియా? పెన్ను ఖరీదు ఎక్కువ, కానీ నలుగురిలో జేబులోంచి తీస్తే రాసే పెన్నే అనుకుంటారు. డయల్ తిప్పితే టిక్కు టిక్కుమని వినిపిస్తుంది, చూపు తగ్గినవాళ్ళకు అది పెద్ద సాయం. పొట్ట మీదా, తొడ మీదా? బొడ్డు చుట్టూ రెండంగుళాలు వదిలేసి ఎక్కడైనా సరే, రోజూ ఒకే చోట కాకుండా జరుపుకుంటూ పోవాలి. లేకపోతే గడ్డలు కట్టి మందు సరిగా ఎక్కదు. పడుకునే ముందా, రాత్రి భోజనమప్పుడా? డాక్టర్‌ని అడిగి ఏదో ఒకటి, రోజూ అదే వేళకు. వేసేది ఎవరు? దీనికి తొందరపడి ‘నేనే వేస్తాలే మామయ్యా’ అనకండి. కోడలు ముందు చొక్కా ఎత్తడం ఇష్టం లేక వద్దనే పెద్దవాళ్ళు ఉంటారు, బయటికి చెప్పరు. ఆయన చేత్తో ఆయనే వేసుకుంటే సగం భయం ఆ రోజే పోతుంది.

నొప్పి గురించి రెండు మాటలు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వేస్తే చల్లదనానికి మంట పుడుతుంది, కాసేపు బయట ఉంచాలి. స్పిరిట్ రాస్తే అది ఆరాక వేయాలి. బటన్ పూర్తిగా నొక్కి పది లెక్కపెట్టి సూది తీయాలి. ఒకే సూదిని వారాల తరబడి వాడితే మొద్దుబారి నొప్పెడుతుంది. తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి, డీప్ ఫ్రీజర్‌లో కాదు. వాడుతున్నది మామూలుగా నెల రోజులు బయట ఉండొచ్చంటారు గానీ, అది 30 డిగ్రీల లోపు మాట. ఏప్రిల్, మే నెలల్లో పల్నాడులో ఏ గదిలో ఉంటుంది ఆ చల్లదనం? మీరు దాన్ని కూడా ఫ్రిజ్ తలుపులోనే పెట్టండి. సీసా ఎంచుకుంటే ఒక పెద్ద జాగ్రత్త: మన దగ్గర సీసాల్లో వచ్చేది ఎక్కువగా 40 యూనిట్ల రకం, పెన్నులో వచ్చేది 100 యూనిట్ల రకం. 40 సిరంజితో 100 ఇన్సులిన్ తీస్తే అసలు వేయాల్సిన దానికి రెండున్నర రెట్ల డోసు ఒంట్లోకి పోతుంది. పెన్నులోంచి సిరంజితో ఎప్పుడూ తీయకండి.

షుగర్ పడిపోతే ఏం చెయ్యాలో మొదటి రోజే ఇంటిల్లిపాదికీ తెలియాలి. చెమటలు, వణుకు, ఒక్కసారిగా ఆకలి, చిరాకు, తిక్కగా మాట్లాడడం. షుగర్ చూసే మిషన్‌లో 70 కన్నా తక్కువ ఉంటే, మిషన్ లేకపోయినా సరే, మూడు చెంచాల పంచదార నీళ్ళల్లో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అన్నం తినని రాత్రి ఇన్సులిన్ ఎంత వేయాలన్నది ముందే డాక్టర్‌ని అడిగి గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

ఆయన సూది సరదా తీరే దారి కూడా ఒకటి ఉంది. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ బిళ్ళ ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో కొందరికి బి12 విటమిన్ తగ్గుతుంది. నీరసం, అరికాళ్ళ తిమ్మిర్లు దానివల్ల కూడా వస్తాయి. ఒక రక్త పరీక్షతో తేలుతుంది. లోపం ఉంటే సూదిగానూ ఇవ్వొచ్చు, ఎక్కువ డోసు మాత్రగానూ ఇవ్వొచ్చు. చాలామందికి రెండూ బాగానే పనిచేస్తాయి. ఇలాంటి చోట రోగి ఇష్టమే రాజు. డాక్టర్ రాస్తే ఆ ఎర్రటి సూది నర్సు దగ్గర దర్జాగా వేయించుకోమనండి. ‘మీరు అడిగిన బలం సూది ఇదీ’ అంటే నెలనెలా సెలైన్ మాట మరిచిపోవడం కష్టమేం కాదు. మెట్‌ఫార్మిన్ గురించే ఇంకోటి. అది ఎస్‌ఆర్ (మందును నెమ్మదిగా వదిలే) రకమైతే మెత్తటి బిళ్ళ అచ్చంగా మలంలో కనిపించొచ్చు. ‘మందు ఒంటికి పట్టలేదు’ అని ఆయన రెండేసి మింగుతున్నారేమో కనుక్కోండి. మందు లోపలే వదిలేసి వచ్చిన ఖాళీ డొల్ల అది. నూరి మింగడం అసలే వద్దు.

ఇక అత్తగారు. మామగారు సూది కోరుకుంటే ఈవిడ బిళ్ళ కోరుకుంటున్నారు, మీ వారు పీల్చేది కోరుకుంటున్నారు. ఒకే ఇంట్లో భలే సంత! ఇన్‌హేలర్ అంటే ‘పవర్ ఎక్కువ, అలవాటైపోతుంది’ అని ఆవిడ నమ్మకం అయి ఉంటుంది. లెక్క చూపించండి. ఆయాసానికి వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఒక్క పీల్పులో 100 మైక్రోగ్రాములు. రెండు పీలిస్తే 200. అదే మందు బిళ్ళలో 4 మిల్లీగ్రాములు, అంటే 4000 మైక్రోగ్రాములు. ఇరవై రెట్లు! ఊపిరితిత్తులకు చేరాల్సిన మందు కడుపులోంచి ఒళ్ళంతా తిరిగి వెళ్ళాలి కాబట్టి అంత పోయాల్సి వస్తుంది. ఆవిడకు బిళ్ళ వేసుకున్న గంటకు చేతులు వణికి గుండె దడదడలాడుతుందా? అడగండి. అది పవర్ ఎక్కువైన మందు చేసే పని, అదే ఆవిడ మింగుతున్న బిళ్ళ.

చీరల కింద దాచారంటే మాత్రం భయం పవర్ గురించే కాదు, నలుగురి చూపు గురించి కూడా. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో వేలమంది ముందు నోరు తెరిచి బతికున్న కొర్రమీను పిల్లను మింగడానికి సిగ్గు పడని మనుషులు, ఇన్‌హేలర్‌ని కొంగు చాటున పీలుస్తారు. అక్కడ అందరూ అదే జబ్బువాళ్ళు, ఒకరికొకరు తోడు. ఇక్కడ తనొక్కతే ‘పంపు పీల్చే మనిషి’. చేప మందు ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. కానీ ఆవిడ ఆ నమ్మకం జోలికి ఇప్పుడే వెళ్ళకండి, ఒకేసారి రెండు యుద్ధాలు వద్దు.

దాపరికాన్నే ఆవిడకు అనుకూలంగా మార్చవచ్చు. ఉబ్బసానికి అసలు మందు రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్. సాధారణంగా పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, రెండూ ఇంట్లోనే. పీల్చాక నోరు పుక్కిలించాలి, లేకపోతే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది. కాబట్టి పళ్ళు తోముకునే ముందు పీల్చేస్తే పుక్కిలింత దాంట్లోనే కలిసిపోతుంది, ఎవరికీ తెలిసే పని లేదు. అది క్రమంగా పనిచేస్తే బస్సులోనో పెళ్ళిలోనో పంపు తీయాల్సిన అవసరమే అరుదు. రకం కూడా ఆవిడే ఎంచుకోవచ్చు. నొక్కి పీల్చే పంపుకు చేయీ ఊపిరీ ఒకేసారి కలవాలి, పెద్దవాళ్ళకు అది కుదరదు. స్పేసర్ గొట్టం పెడితే ఆ బాధ లేదు. గుళిక వేసి పీల్చే రకమైతే గుళిక గరగరమని తిరగడం వినిపిస్తుంది, పొడి అయిపోవడం కళ్ళకు కనిపిస్తుంది. కనిపిస్తే గానీ నమ్మనివాళ్ళకు నేను అదే చూపిస్తాను, పీల్చే బలం ఉందో లేదో చూశాక. మూడు రకాలూ డాక్టర్ దగ్గర ఖాళీవి ఉంటాయి, చేతికిచ్చి పీల్చి చూడమనండి. ఆవిడ మింగే పాత బిళ్ళల అట్టలు కూడా ఆ రోజు తీసుకెళ్ళండి. వాటిని ఒక్కసారిగా ఆపేయకండి, ఇన్‌హేలర్ కుదురుకున్నాక ఏది ఎప్పుడు మానాలో డాక్టర్ చెబుతారు.